డ్యూటీకొచ్చిన పిల్ల

బడి తెరిచిన మొదటి వారం గేటు లోపల నిలబడి చూడాలి. బయట ఉన్న తల్లికి తన బిడ్డ ఏడుపు ఒక్కటే వినిపిస్తుంది. లోపల ఉన్న మాకు అందరి ఏడుపులూ కలిపి వినిపిస్తాయి. ఒకడు గేటు ఊచలు పట్టుకుని వేలాడతాడు. ఒకతి నా కొంగుకు ముక్కు తుడుస్తుంది. ఇంకొకడు బూటు విప్పి టీచరు మీదికి విసురుతాడు. గేటు అవతల తండ్రులు ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తారు. తల్లులు గోడ పక్కన నక్కి తొంగి చూస్తారు. వాళ్ళను అదిలించడం కూడా నా పనే. "ఎల్లండమ్మా, ఎల్లండి. మీరు కనబడితే ఈ గుంటలు ఊరుకోరు" అని కసిరేదాన్ని. పిల్లలకన్నా తల్లులే నాకు ఎక్కువ భయపడేవారు. భయపడితే మంచిదే, పని తొందరగా తెమిలేది.

బిలాస్‌పూర్‌ రైల్వే కాలనీ పక్కనున్న ఒక చిన్న బడిలో చాలా ఏళ్ళు ఆయమ్మగా చేశాను. నా చదువు మూడో తరగతి దాకానే. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పెళ్ళి చేసుకుని ఈ ఊరొచ్చాను. మా ఆయన మొదట షెడ్డులో ఖలాసీ, తర్వాత గూడ్సు ఇంజను మీద పనిచేశారు. ఆయన పోయాక నేను బడిలో చేరాను. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి ఇది చదివేవాళ్ళలో చాలామందికి తెలుగు కూడబలుక్కుంటే గాని రాదని నాకు తెలుసు. నా మనవలూ అంతే. అందుకే చిన్న మాటల్లో రాస్తున్నాను. నాకు పెద్ద మాటలు రావు కూడా.

మీలో ఈ ఏడో వచ్చే ఏడో బిడ్డను బడిలో వేయబోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఒక పిల్ల సంగతి చెప్పాలి. నేను పని మానేయడానికి ముందు ఏడు జరిగింది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. బడి తెరిచారు గాని ఎండ తగ్గలేదు. రేకుల వరండాలో పొద్దున్నే సెగ పుట్టేది. మొదటి రోజు, అందరూ గొంతెత్తి ఏడుస్తున్న సమయంలో, ఒకమ్మాయి స్కూటీ మీద కూతుర్ని తీసుకొచ్చింది. ఒంటిమీద యూనిఫాం, భుజాన డ్యూటీ బ్యాగు. రాత్రంతా రైలు బండి మీద ఉండి, దిగి, అటునుంచి అటే వచ్చింది. గూడ్సు ఇంజనులో అసిస్టెంట్ లోకో పైలట్. అంటే పైలట్ పక్కన కూర్చుని, సిగ్నలు చూసి పైకి చెప్పే మనిషి. మా కాలంలో అది మగవాళ్ళ పని. ఇప్పుడు మన ఇళ్ళ ఆడపిల్లలూ చేస్తున్నారు. ఈ అమ్మాయి తండ్రి, తాత కూడా ఇంజను మీద బతికినవాళ్ళే.

ఆమె పిల్ల ముందు గొంతుక్కూచుంది.

"ఇదిగో, ఈ బడే నీ ఇంజను. నువ్వు డ్యూటీ ఎక్కుతున్నావు. డ్యూటీలో ఉన్నోళ్ళు ఏడవరు. నేనొచ్చి రిలీవ్ చేసీదాకా ఇంజను వదలకూడదు. అచ్ఛా?"

"అచ్ఛా" అంది పిల్ల.

బయటివాళ్ళకు ఈ మాట తెలియదు గాబట్టి చెప్తున్నాను. ఇంజను మీద ఉన్నవాళ్ళు తమ పని గంటలు అయిపోయాయని దిగిపోవడానికి లేదు. తర్వాతి మనిషి వచ్చి బండి అప్పగించుకోవాలి. అలా వచ్చేవాడు రిలీవర్. వాడు వచ్చేదాకా ఆకలేసినా నిద్రొచ్చినా అక్కడే. మా ఇళ్ళల్లో ఈ మాట పాలతోపాటే పిల్లల చెవిన పడుతుంది.

తల్లి అరచెయ్యి చాపింది. పిల్ల దానిమీద బొటనవేలు గట్టిగా నొక్కింది, ఇంజనువాళ్ళు హాజరు వేసుకునే లాబీలో వేలిముద్ర వేసి డ్యూటీ ఎక్కినట్టు. తర్వాత నిటారుగా నడిచి లోపలికి వచ్చేసింది. నా చెయ్యి కూడా పట్టుకోలేదు. తల్లి వెనక్కి తిరిగి చూడలేదు. స్కూటీ మాత్రం చాలాసేపు స్టార్టవ్వలేదు.

నర్సరీ టీచరు కరీంనగర్ వైపు మనిషి. భర్త బ్యాంకులో పని మీద ఈ ఊరొచ్చారు. ఆమె తెలుగుకూ నా తెలుగుకూ రోజూ పోట్లాటే. నన్ను చూస్తే ఏదో ఒకటి అనకుండా ఉండలేదు.

"ఏందాయమ్మా, గీ పిల్ల గిట్ల కూసున్నది? మీ రైలోళ్ళకు పిల్లలు సిపాయిల లెక్క పుడ్తరా?"

"సిపాయిలు కాదు టీచరమ్మా, సిగ్నలు స్తంబాలు. పచ్చదీపం పడితే గాని కదలరు."

ఆమె నవ్వి పిల్ల చేతిమీద పెన్నుతో నక్షత్రం గీసింది. ఏడ్చేవాళ్ళందరికీ ఆ చెయ్యి ఎత్తి చూపించింది. పిల్ల చెయ్యి ఎత్తమంటే ఎత్తింది, దించమంటే దించింది.

నాకు కూడా ఆ పిల్ల నచ్చింది. నా లెక్క వేరు. నా చేతిలో సబ్బు ముక్క అరిగి అరిగి మాయమవ్వాలే గాని పారెయ్యడం ఉండదు. పిల్లలు సీసాల్లో వదిలేసిన నీళ్ళు బాల్చీలో పోగేసి మొక్కలకు పోసేదాన్ని. మొదటి వారంలో పిల్లలు నీళ్ళు ఒలకబోస్తారు, ఒకళ్ళమీద ఒకళ్ళు చల్లుకుంటారు, తాగని సీసా పారబోసి మళ్ళీ నింపమంటారు. ఈ పిల్ల సీసా నిండుగా వచ్చి నిండుగా ఇంటికి పోయేది. పొదుపైన పిల్ల అనుకున్నాను. పైగా ఒక్కసారి కూడా బాత్రూముకని లేవలేదు. ఇరవైమంది గుంటలను వరసగా తిప్పే ఆయమ్మకు అలాంటి పిల్ల దొరకడం వరం. వరాన్ని ఎవరైనా అనుమానిస్తారా?

మొదటి మూడు రోజులూ మధ్యాహ్నం గంట కొట్టేసరికి తల్లి గేటు దగ్గర ఉండేది. "రిలీవ్!" అని చెయ్యి నుదుటికి ఆనించేది. పిల్ల ఒక్క గెంతు గెంతి స్కూటీ ఎక్కి, "తొందరగా పోనీ, తొందరగా" అని తల్లి వీపు మీద గుద్దేది. ఆకలి కాబోలు అనుకునేవాళ్ళం. వాళ్ళ క్వార్టర్ దగ్గరే.

నాలుగో రోజు తండ్రి తీసుకొచ్చాడు. ఇతను ఊరి పక్క సిర్గిట్టిలో ఒక ప్రైవేటు వర్క్‌షాపులో ఫిట్టరు. భార్యకు తెల్లారకముందే డ్యూటీకి రమ్మని కాల్ వచ్చిందట, బొగ్గు బండి ఎక్కి వెళ్ళిపోయింది. గేటు దగ్గర పిల్ల అడిగింది.

"అమ్మొస్తాదా రిలీవ్ చెయ్యడానికి?"

"నానొస్తాను కదేటి" అన్నాడు అతను, పనికి ఆలస్యమవుతోందన్న తొందరలో.

పిల్ల లోపలికి వచ్చి తన చోట కూర్చుంది.

ఆ రోజు కరెంటు పోయింది. పంకాలు ఆగాయి. నేను తలుపులన్నీ తెరిచి, పిల్లల ముఖాలు తడిగుడ్డతో తుడుస్తూ వరసలో వస్తున్నాను. ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పెట్టిన చోటల్లా వేడి. పెదవులు ఎండి పొలుసులు లేచాయి. మోకాళ్ళు దగ్గరికి బిగించి, రెండు చేతులూ ఒళ్ళో ముడిచి, గోడకేసి చూస్తోంది. చుట్టూ పిల్లలు అరుస్తున్నా ఆ చూపు కదల్లేదు. నిజంగా సిగ్నలు కోసం చూస్తున్నట్టే ఉంది.

"టీచరమ్మా, ఇలాగ రా" అని పిలిచాను. ఆమె వచ్చి నుదుటిమీద చెయ్యేసి తీసేసింది.

"అయ్యో, కాలిపోతున్నదే!"

పిల్లను ఎత్తుకోబోయాను. పొట్ట మీద నా చెయ్యి తగిలేసరికి "ఉఁ" అని బిగుసుకుంది. పొట్ట రాయిలా ఉంది.

"బాత్రూముకెల్దాం రామ్మా."

తల అడ్డంగా ఊపింది.

"నొప్పెడతందా?"

"డ్యూటీలో ఎల్లకూడదు."

"ఏ డ్యూటీ?"

"ఇంజన్లో బాత్రూం ఉండదు మామ్మా" అంది. ఇంత చిన్న సంగతి నాకు తెలియదా అన్నట్టు.

టీచరు, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆమె గబగబా సీసా మూత తీసి పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల పెదవులు లోపలికి మడిచేసింది.

"కొంచెం తాగు బంగారం, రెండు గుక్కలు."

"తాగకూడదు. డ్యూటీకెల్లీ ముందు తాగకూడదు. డ్యూటీలో తాగకూడదు. అమ్మ తాగదు."

"పొద్దున్నుంచి ఏమీ తాగలేదా?"

"నిన్న రాత్రి నుంచి" అంది. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

నేను కసిరాను. నా కసురుకు బడిలో పెద్ద తరగతి గుంటలు కూడా దారికొచ్చేవారు. ఈ పిల్ల కళ్ళు నా మీదికి తిప్పింది గాని పెదవులు విప్పలేదు. చెంచాతో పోయబోతే పళ్ళు బిగించింది. నీళ్ళు గడ్డం మీదుగా గౌనులోకి కారిపోయాయి.

తండ్రికి ఫోను చేశాం. అరగంటలో మోటారుసైకిలు మీద వచ్చాడు, చేతులకు గ్రీజుతోనే. పిల్లను ఒళ్ళో పెట్టుకుని బతిమాలాడు.

"రిలీవ్ అయిపోయావు తల్లీ. నాన్న రిలీవ్ చేసీసేడు. చూడు, సల్యూట్ కూడా కొట్టాను."

"నువ్వు కాదు" అంది పిల్ల. "నీకు ఇంజను రాదు."

అతను నవ్వబోయి నవ్వలేకపోయాడు. మామూలు రోజైతే ఆ మాట ఇంట్లో వారం రోజులు చెప్పుకుని నవ్వేవారు.

మిగతా పిల్లలను పక్క తరగతి టీచరుకు అప్పగించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పిల్ల నా ఒళ్ళో ఉంది, తండ్రి నా పక్కన. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా నా రైకె గుప్పిట పట్టి మూలిగేది, మళ్ళీ పెదవులు మూసేది. ఒక్క కన్నీటిబొట్టు లేదు. టీచరు ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కుని వెనక్కి తిరిగి కూర్చుంది.

"అన్నా, వాళ్ళమ్మకు ఫోన్ చెయ్యరాదు?"

"ఫోను కట్టేసి ఉంటాది టీచరమ్మా. ఇంజను మీద ఫోను వాడకూడదు."

"మరి వాకీటాకీలు ఉంటయి కదా. స్టేషన్ల చెప్తే స్టేషనోళ్ళు చెప్తరు. ఒక్క మాట ఆమెతోని పిల్లకు చెప్పిస్తే అయిపాయె. నీళ్ళు తాగుతది."

అతను నావైపు చూశాడు. అతనేమంటాడో నాకు తెలుసు. అతను రైల్వే మనిషి కాకపోయినా రైల్వే ఇంటి అల్లుడు.

"ఇంజను మీదున్నోళ్ళకి ఇంటి కబురు చెప్పకూడదండి. మా మామగారు ఇదే చెప్పీవోరు. సిగ్నలు చూసీ కళ్ళవి. పిల్లకి బాగోలేదని చెప్తే ఆ కళ్ళు ఏటి చూస్తాయి? వెనక బొగ్గు నిండిన బండి."

"పిల్ల గిట్ల కాలిపోతుంటే కూడానా?"

"అవును" అన్నాను నేను.

టీచరుకు కోపమొచ్చింది. "మీ ఆచారాలకో దండం ఆయమ్మా! తల్లికి చెప్పకుండ బిడ్డను చంపుకుంటరా?"

ఆ మాటకు ఆటో డ్రైవరు కూడా వెనక్కి తిరిగాడు. నేను పిల్లను ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను. మా రెండోవాడు పుట్టినప్పుడు పురిటిలో నాకు ప్రాణం మీదికి వచ్చింది. మా ఆయన అప్పుడు లైను మీద ఉన్నారు. బండి దిగి, సంతకం పెట్టి, ఇంటికి బయలుదేరాకే ఆయనకు చెప్పారు. నేను ఆయన్ను తప్పు పట్టలేదు, చెప్పనివాళ్ళనూ పట్టలేదు. అలా బతికాం. కాని ఆ రోజు ఆ మండుతున్న ఒంటిని ఒళ్ళో పెట్టుకుని "అవును" అనడం, నా పురుడప్పటంత సులువుగా లేదు. చివరికి తండ్రి లాబీకి ఫోను చేసి, ఆమె ఎక్కడ దిగితే అక్కడ దిగాక చెప్పమన్నాడు. సాయంత్రం దాకా దిగదని వాళ్ళు చెప్పారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పొట్ట నొక్కి చూసి ముఖం ముడుచుకుంది. మూడు నాలుగు రోజులుగా బిగబట్టడం వల్ల లోపల చెడిందనీ, ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయనీ హిందీలో చెప్పింది. సెలైను పెడదాం, కాసేపట్లో మూత్రం రాకపోతే గొట్టం వెయ్యాలి అంది. సూది గుచ్చినప్పుడు పిల్ల తండ్రి ముఖం తిప్పుకున్నాడు. పిల్ల సూదినే చూసింది. నర్సు "అరే, బహాదుర్ బచ్చీ!" అంది. నాకు ఒళ్ళు మండింది.

"మెచ్చుకోకమ్మా, నీకు దండం పెడతాను" అన్నాను తెలుగులోనే. ఆమెకు అర్థం కాలేదు, గొంతు మాత్రం అర్థమైనట్టుంది.

సెలైను చుక్కలు పడుతున్నాయి. ఒకసారి లోపలికి పోయిన నీళ్ళు ఎటో ఒకవైపు రావాలి కదా. పిల్ల వద్దన్నా నీళ్ళు ఒంట్లోకి పోతున్నాయి, బయటికి మాత్రం వదలడం లేదు. ఇది మేలో కీడో నాకు తెలియలేదు. డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. గొట్టం సిద్ధం చెయ్యమని నర్సుకు చెప్పింది. తండ్రి వరండాలో గోడకు తల ఆనించి నిలబడ్డాడు. టీచరు నాతో మాట్లాడకుండా పిల్ల పాదాలు రాస్తోంది.

జ్వరం మందుకు పిల్లకు కునుకు పట్టింది. బిగించిన మోకాళ్ళు మెల్లగా వదులయ్యాయి. దుప్పటి తడిసింది. నర్సు "హో గయా!" అని అరిచి డాక్టరమ్మ కోసం పరుగెత్తింది. టీచరు నా భుజం పట్టుకుని ఊపేసింది. ఆ అలికిడికి పిల్లకు మెలకువొచ్చింది. చేత్తో పక్క తడిమి చూసుకుంది.

అప్పుడు ఏడ్చింది.

నేను ఎన్ని వందల ఏడుపులు విన్నానో లెక్క లేదు. అమ్మ కావాలనే ఏడుపు, ఇల్లు కావాలనే ఏడుపు, పక్కవాడు గిల్లాడనే ఏడుపు. ఇది అలాంటిది కాదు. పని చెడగొట్టుకున్న పెద్ద మనిషి ఏడ్చినట్టు ముఖం రెండు చేతులతో కప్పుకుని ఏడ్చింది.

"డ్యూటీ పాడైపోయింది మామ్మా. అమ్మకు చెప్పకు. చెప్పకు మామ్మా."

"చెప్పనులే. ఏడు" అన్నాను. "గట్టిగా ఏడు." ఆ మాట ఏ పిల్లకూ అంతకు ముందు చెప్పలేదు.

చీకటి పడుతుండగా తల్లి వచ్చింది. లాబీలో దిగాక విని, అక్కడినుంచి ఎవరి బండో ఎక్కి వచ్చిందట. ముఖం మీద బొగ్గు ధూళి, కళ్ళకింద చెమట చారలు. పిల్ల ఆమెను చూసి దుప్పటి తలమీదికి లాక్కుంది. తల్లి మంచం పట్టీ మీద కూర్చుని దుప్పటిమీదే చెయ్యేసింది.

"రిలీవ్" అంది.  మళ్ళీ అంది.

దుప్పటిలోంచి చిన్న గొంతు వచ్చింది. "నువ్వు రాకముందే వదిలీసాను."

ఆమె పిల్ల పక్కనే ఒరిగి పడుకుంది, బూట్లతోనే. ఆసుపత్రి మంచం మీద బూట్లేమిటని నర్సు అనబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

పిల్ల నిద్రపోయాక వరండాలోకి వచ్చింది. నేను అడగాల్సింది అడిగాను.

"ఏటమ్మా, నువ్వు ఇంజను మీద ఏటీ తాగవా?"

"తాగితే ఎక్కడికెల్లమంటావు పెద్దమ్మా? ఇంజన్లో చోటు లేదు. స్టేషన్లో దిగాలంటే వాకీటాకీలో అడగాలి. అడిగితే లైనంతా వింటాది. ముందు బండోళ్ళు, వెనక బండోళ్ళు, స్టేషన్లో ఉన్నోళ్ళు. మేడం కోసం బండాపేరని చెప్పుకుని నవ్వుతారు. అందుకే ముందురోజు నుంచే మానీస్తాను. మా ఆడోళ్ళందరం అంతే."

"గుంట చూస్తుండగానే మానీస్తావా?"

ఆమె గోడకు ఆనుకుంది. "అది గ్లాసు తెచ్చిస్తాది. వద్దమ్మా, డ్యూటీ ఉంది అంటాను. రోజూ అనీ మాటే. దానికి నేర్పినట్టు నాకు తెలీదు."

తర్వాత తనే చెప్పింది. "మా నాన్న డ్యూటీకెల్తుంటే నేను కాళ్ళు చుట్టుకుని ఏడిచీదాన్ని. ఆ ఏడుపు చెవిలో పెట్టుకుని ఎలాగ బండి నడిపీవోడో అని ఇప్పుడనిపిస్తాది. నా కూతురు గేటు దగ్గర ఏడిస్తే నేను ఎల్లలేను పెద్దమ్మా. అందుకే డ్యూటీ అన్నాను. అది ఏడవలేదు. నాకెంత గొప్పగా అనిపించిందో తెల్సా? మా వాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాను."

"నువ్వొక్కదానివేటి? బడంతా చెప్పుకుంది."

"ఉద్యోగం మానీమంటావా? పోనీ దాన్ని ఈ ఏడు బడి మానిపించీనా?"

"రెండూ దుబారాయే" అన్నాను. నాకు తెలిసిన పెద్ద తిట్టు అది. "ఏటి చెయ్యాలో నాకూ తెలీదు. ముందు పిల్లని లెగనీ."

పక్కన కుర్చీలో కూర్చున్న టీచరు అప్పటిదాకా మాకు ముఖం చూపించలేదు. లేచి వచ్చి తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "ఇప్పుడు డ్యూటీ లేదు కదమ్మా. తాగు" అంది. నాకు కూడా పోసింది. మా మధ్య మాటలు అలా మళ్ళీ మొదలయ్యాయి.

పిల్ల వారం దాటాక బడికొచ్చింది. ముందుగా టీచరూ నేనూ ఏవేవో అనుకున్నాం. డ్యూటీ మాట ఎత్తకూడదనీ, ఆట అని చెప్పాలనీ, గంటకొకసారి అందరికీ కలిపి నీళ్ళు తాగించాలనీ. ఆ పిల్ల గేటు దగ్గర నిలబడేసరికి ఆ తెలివంతా ఎటో పోయింది.

తల్లి ఆ రోజు యూనిఫాంలోనే వచ్చింది. కాల్ వచ్చి ఉంది, పిల్లను దించి అటునుంచి లాబీకి వెళ్ళాలి. పిల్ల చిక్కిపోయింది. మెడలో కొత్త నీళ్ళ సీసా. బొటనవేలు ముందుకు చాపింది. తల్లి తన అరచెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"వద్దు. ఇది డ్యూటీ కాదు. బడి. ఏడుపొస్తే ఏడు. దాహమేస్తే తాగు. బాత్రూమొస్తే మామ్మకి చెప్పు."

పిల్ల ఆలోచించింది. "నువ్వు డ్యూటీకెల్తున్నావా?"

"ఊఁ."

"నీళ్ళు తాగేవా?"

తల్లి అబద్ధం చెప్తుందేమోనని చూశాను. నేనైతే చెప్పేదాన్నేమో. వెనక ఇంకో ఇద్దరు తల్లులు తమ పిల్లలతో నిలబడి, ఎందుకు ఆలస్యమని తొంగి చూస్తున్నారు. లోపల పిల్లల గోల. నేను గేటు గడియ మీద చెయ్యేసి ఉన్నాను. కాని ఆ రోజు ఎవరినీ కసరలేదు.

"నువ్వు తాగకపోతే నేనూ తాగను" అంది పిల్ల. బెదిరింపు కాదు. తన పద్ధతి చెప్పుకుంటోంది.

తల్లి నావైపు చూసింది. ఆమె ఏం లెక్క వేసుకుంటోందో నాకు తెలుసు. ఎక్కడెక్కడ బండి ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది, పక్కన ఏ పైలట్ ఉన్నాడు, ఏ స్టేషన్లో ఎవరున్నారు. మా ఆయన పక్కన ఎన్నేళ్ళు బతికినా ఇలాంటి లెక్క ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు. మగవాళ్ళకు దీని అవసరం లేదు.

ఆమె పిల్ల మెడలోంచి సీసా తీసింది. మూత తిప్పింది. ఎత్తి పెట్టి తాగడం మొదలుపెట్టింది. రెండు గుక్కలు తాగి ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. పిల్ల తల పైకెత్తి తల్లి గొంతు కదలడం చూస్తోంది. సగం దాటింది. కిందికి దించి ఊపిరి పీల్చుకుని, మిగిలింది పిల్ల చేతికిచ్చింది. పిల్ల మొత్తం తాగేసింది. అడుగున మిగిలిన చుక్కల కోసం సీసా తలకిందులు చేసింది కూడా.

తల్లి మోచేత్తో మూతి తుడుచుకుంది.

"అడుగుతాను పెద్దమ్మా" అంది, స్కూటీ స్టాండు తీస్తూ. "వాకీటాకీలోనే అడుగుతాను. లైనంతా విననీ."

పిల్ల లోపలికి వచ్చాక కాసేపటికి ఏడుపు అందుకుంది. మామూలు ఏడుపు, అమ్మ కావాలనే ఏడుపు. అప్పటికి తల్లి వీధి మలుపు తిరిగిందో లేదో నేను చూడలేదు. గేటు దగ్గర పని నిండా ఉంది.

మధ్యాహ్నం పిల్లను తీసుకెళ్ళడానికి తండ్రి వచ్చాడు. అప్పటికింకా కబురు లేదు. మర్నాడు అతనే చెప్పాడు. మధ్యలో ఒక చిన్న స్టేషన్లో ఆమె అడిగిందట. వాకీటాకీలో ఎవరో ఇకిలించారట. స్టేషనాయన మాత్రం బండిని పక్క పట్టాల మీదికి, లూప్‌లైన్లోకి తీసుకుని, దిగి రమ్మన్నాడట. పక్కనున్న పైలట్ ఏమీ అనలేదట. ఆమె దిగి, వెళ్ళి, వచ్చి, ఎక్కిందట.

"మీ ఆవిడ ఏడిచిందేటి?" అని అడిగాను.

"తెలీదు పెద్దమ్మా. నాతో చెప్పదు" అన్నాడు.

ఆ మరుసటి డ్యూటీ రోజు ఆమె మళ్ళీ గేటు దగ్గరికొచ్చింది. ముఖం కొంచెం బిగించుకునే ఉంది. పిల్ల అడక్కముందే సీసా మూత తిప్పింది.